ప్రయోగశాలయే పుట్టినిల్లు

లీజె మైట్నరు 1878వ సంవత్సరము నవంబరు నెలలో, ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నా నగరమున జన్మించెను. తండ్రి ఫిలిప్పు న్యాయవాది. యూదు కుటుంబమునకు చెందినవాడు. ఎనమండుగురు సంతానములో ఆమె మూడవది. ఇంట పుస్తకములకును సంగీతమునకును కొదువ లేదు. ఐనను ఆ కాలమున ఆ దేశమునందు ఆడపిల్లల చదువు పదునాలుగవ యేటితో ముగియుచుండెను. విశ్వవిద్యాలయముల తలుపులు వారికి మూయబడి యుండెను. 1897లో ఆ తలుపులు కొంత తెరచుకొనెను. ఫ్రెంచి భాష బోధించుటకు శిక్షణ పొందిన లీజె, ఎనిమిదేండ్లు చదువవలసిన పాఠములను రెండేండ్లలో చదివి 1901లో ప్రవేశపరీక్షకు కూర్చుండెను. ఆ యేడు ఆమెతో పరీక్షకు వచ్చిన యువతులు 14 మంది. వారిలో నలుగురే ఉత్తీర్ణులైరి. ఆ నలుగురిలో నామె యొకతె.

వియన్నా విశ్వవిద్యాలయమున బోల్ట్స్‌మన్ అను ఆచార్యుని ఉపన్యాసములు విని, భౌతికశాస్త్రమునకే తన జీవితమును ధారవోయ నిశ్చయించుకొనెను. 1906లో డాక్టరు పట్టము పొందెను. అచట భౌతికశాస్త్రమున ఆ పట్టమందిన స్త్రీలలో ఆమె రెండవది. కాని పట్టము వేరు, కొలువు వేరు. చదివిన చదువునకు తగిన పని యిచ్చువారు వియన్నాలో లేకపోయిరి. 1907లో తండ్రిని ఒప్పించి, ఆయన పంపు కొద్దిపాటి ధనమే ఆధారముగా జర్మనీ రాజధానియగు బెర్లినునకు బయలుదేరెను. కొన్ని నెలలుండి తిరిగి రావలెనని ఆమె తలంపు. ఆ కొన్ని నెలలు 31 సంవత్సరములైనవి.

బెర్లినులో ఆమెకు బంధువులు లేరు. స్వభావమున మిక్కిలి బిడియము గలది. క్రొత్తవారితో మాటలాడుటకే వెనుకాడునది. అట్టి యువతి మాక్స్ ప్లాంకు అను మహాశాస్త్రజ్ఞుని కడకు పోయి, తన ఉపన్యాసములకు రానిమ్మని అర్థించెను. స్త్రీలు విశ్వవిద్యాలయములలో చదువుట ప్లాంకునకు సాధారణముగా నిష్టము లేదు. ఐనను ఆయన అంగీకరించెను. అంతటితో నాగక, కొలది దినములలోనే ఆమెను తన గృహమునకు పిలిచెను. ఆయింట సంగీతగోష్ఠులు జరుగుచుండెడివి. ప్లాంకు స్వయముగా పియానో వాయించువాడు. ఆయనకు కవలలగు కుమార్తెలుండిరి. వారు లీజెకు నెచ్చెలులైరి. పరనగరమున ఆమె నిస్సంకోచముగా గడప దాటి పోగల మొదటి యిల్లది.

ఆ దినములలోనే ఆమెకు ఓట్టో హాన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు పరిచయమయ్యెను. అతడామెకంటె నాలుగు నెలలు చిన్నవాడు. నవ్వుచు నవ్వించుచు నుండు స్వభావము గలవాడు. రేడియో ధార్మికతను గూర్చి పరిశోధించుటకు భౌతికశాస్త్రము తెలిసిన తోడు అతనికి కావలసి యుండెను. ఆమెకును అడిగి తెలిసికొనుటకు సంకోచము కలిగింపని తోడు కావలసి యుండెను. ఇరువురును కలసి పని చేయ నిశ్చయించిరి. కాని హాన్ పనిచేయు రసాయనశాలకు అధిపతియైన ఎమిల్ ఫిషరు స్త్రీలను లోనికి రానిచ్చువాడు కాడు. వారి తలవెండ్రుకలకు మంట యంటుకొనునని ఆయన భయము. ఆయన నిండు గడ్డమునకు మాత్రము ఆ భయమున్నట్లు కానరాదు. తుదకొక షరతుపై సమ్మతించెను. ఆ భవనపు నేలమాళిగలో వెనుక వడ్రంగుల పనికై యేర్పరచిన గది యొకటి కలదు. దానికి వెలుపలి నుండి వేరుగా ద్వారము కలదు. లీజె ఆ ద్వారమున వచ్చి, ఆ గదిలో పని చేసికొని, ఆ ద్వారముననే పోవలెను. మేడ మీది ప్రయోగశాలలలో అడుగు పెట్టరాదు. స్త్రీలకు మరుగుదొడ్డియు లేనందున ఆ వీధిలోని యొక భోజనశాలకు పోవలసి వచ్చెడిది. వీధిలో నిరువురును కలసి పోవునపుడు ఎదురైన కొందరు ఉద్యోగులు హాన్‌కు మాత్రమే నమస్కరించి పోయెడివారట. జీతము లేదు. ఇట్లు రెండేండ్లు గడచెను. 1909 నాటికి ప్రష్యా విశ్వవిద్యాలయములలో స్త్రీలకు ప్రవేశము లభించుటచే ఫిషరును తన నిషేధము మానుకొనెను. పిదప ఆయనయే ఆమెకు తోడ్పడువారిలో నొకడయ్యెను.

ఆ వడ్రంగి గదిలో వారి స్నేహము పెరిగిన తీరు చిత్రమైనది. పగలెల్ల ఒక్క బల్లకడనే పని చేసెడివారు. ప్రయోగము చక్కగా సాగిననాడు బ్రాహ్మ్స్ కట్టిన పాటలను ఇరువురును గొంతు కలిపి పాడుకొనెడివారు. ఐనను వెలుపల కలసి భోజనము చేసియెరుగరు. కలసి షికారు పోయియెరుగరు. సాయంకాలము అంగడి మూయకమునుపే ఎవరి యాహారము వారు కొనుక్కొని ఎవరి గదికి వారు పోయెడివారు. ఒకరినొకరు మీరు అని మన్నించుకొనుటయే కాని, నీవు అని చనువుగా పిలుచుకొనుటకు ఏండ్లు పట్టెను. లీజె పెరిగిన పెంపకము అట్టిది. తొందరపడి కలుపుకొన్న చుట్టరికము కాదు గనుకనే అది అన్ని దెబ్బలకు తట్టుకొనెనేమో.

వారమున కొకనాడు బెర్లినులోని భౌతికశాస్త్రజ్ఞు లెల్లరు ఒకచోట చేరి చర్చించుకొను ఆచారముండెను. అచట జేమ్స్ ఫ్రాంకు, మాక్స్ ఫాన్ లౌవె మొదలగు యువశాస్త్రజ్ఞులు ఆమెకు స్నేహితులైరి. స్వీడనునుండి పరిశోధనకై వచ్చిన ఎవా ఫాన్ బార్ అను విదుషియు అట్లే స్నేహితురాలయ్యెను. ఈమె పేరు గుర్తుంచుకొనవలెను. ఈ కథలో ఆమె మరల కనబడును.

1910లో లీజె తండ్రి మరణించెను. ఇంటినుండి వచ్చు ధనము సన్నగిల్లెను. 1912లో ప్లాంకు ఆమెను తనకు సహాయకురాలిగా నియమించెను. ముప్పదిమూడవ యేట ఆమె యందుకొన్న మొదటి జీతమది. ఆ యేడే బెర్లిను శివారున డాలెమ్ అనుచోట నెలకొల్పబడిన కైజర్ విల్‌హెల్మ్ రసాయనశాస్త్ర సంస్థలో హాన్, మైట్నరు లిరువురును చేరిరి. 1913లో హాన్‌కు ఎడిత్ అను యువతితో వివాహమయ్యెను. కొందరు స్నేహితులు వివాహముతో దూరమగుదురు. ఇచట అట్లు కాలేదు. ఎడిత్ లీజెకు ఆప్తురాలయ్యెను. లీజె వివాహము చేసికొనలేదు. అందుకు తనకు తీరిక దొరకలేదని ఆమె నవ్వుచు చెప్పెడిది.

1914లో మహాయుద్ధము వచ్చెను. హాన్ సైన్యమునకు పోయెను. లీజె ఆస్ట్రియా సైనిక వైద్యశాలలలో గాయపడినవారికి ఎక్స్‌రే చిత్రములు తీయు పనికి పూనుకొనెను. 1916లో బెర్లినునకు మరలి వచ్చి, విడిచిపోయిన పరిశోధనను తానొక్కతెయే కొనసాగించెను. 1918లో ప్రొటాక్టినియము అను క్రొత్త మూలకమును గూర్చిన పత్రము వెలువడెను. అందలి శ్రమలో అధిక భాగ మామెది. ఐనను ఆమె ఆ పత్రముపై హాన్ పేరు ముందుంచి తన పేరు వెనుక నుంచెను. తోబుట్టువులు వాటాలు కొలుచుకొనని రోజులవి.

1922లో ఆమె విశ్వవిద్యాలయమున బోధించు అర్హత పొంది, విశ్వప్రక్రియలకు సంబంధించిన విషయముపై ఉపన్యసించెను. ఒక పత్రిక ఆ మాటను తప్పుగా చదివి, ఆమె స్త్రీల అలంకార ద్రవ్యములను గూర్చి ఉపన్యసించినదని ప్రకటించెను. స్త్రీ శాస్త్రజ్ఞురాలన్న నాటి లోకమునకు అంతకంటె తోచలేదు కాబోలు. 1926లో ఆమె ఆచార్యపదవి నందుకొనెను. జర్మనీలో భౌతికశాస్త్రమున ఆ పదవి నందిన మొదటి స్త్రీ ఆమెయే.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. యూదులను పదవులనుండి తొలగించిరి. ఫ్రాంకు పదవి విడిచి దేశాంతరము పోయెను. లీజె బోధించు హక్కును గోల్పోయెను. ఆస్ట్రియా దేశస్థురాలగుటచే సంస్థలో పని మాత్రము నిలిచెను. అప్పుడే ఆమె వెడలిపోవలసినదని పిదప ఆమెయే తలచి బాధపడెను. కాని ఇరువది యారేండ్లుగా కట్టుకొన్న కాపురము వంటి పనిని విడిచి పోవుట ఆమెకు చేతగాలేదు. 1934లో ఆమె ప్రోద్బలముననే హాన్ మరల ఆమెతో కలసి యురేనియముపై ప్రయోగము లారంభించెను. ప్రకృతిలో విరివిగా దొరకు మూలకములలో యురేనియము మిక్కిలి బరువైనది. దానిపై న్యూట్రానులను కణములను ప్రయోగించినచో ఇంకను బరువైన క్రొత్త మూలకములు పుట్టునని అప్పటి శాస్త్రజ్ఞుల నమ్మకము.

ఈ పనిలో మూడవవాడు ఫ్రిట్స్ స్ట్రాస్‌మన్. నాజీల సంఘములలో చేరనొల్లక ఉద్యోగావకాశములు పోగొట్టుకొని, అర్ధాకలితో నున్న యువకుడతడు. లీజె పట్టుబట్టి హాన్‌చేత అతనికి సగము జీతపు పని యిప్పించెను. ఆ సగము జీతగాడు ఎట్టివాడో తరువాత తెలిసినది. 1943లో అతడును అతని భార్యయు, పట్టుబడినచో ప్రాణములు పోవునని తెలిసియు, ఒక యూదు స్త్రీని తమ యింట దాచి కాపాడిరి.

1938 మార్చి నెలలో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమించెను. ఆనాటితో లీజె ఆస్ట్రియా పాస్‌పోర్టు చెల్లని కాగితమయ్యెను. ఆమె యుండుట సంస్థకే ముప్పని అచటనే పనిచేయు ఒక నాజీ బహిరంగముగా ననసాగెను. హాన్ బెదరెను. సంస్థకు ధనమిచ్చు సంఘపు కోశాధికారితో మాటలాడి వచ్చి, ఇక సంస్థకు రావలదని లీజెతో చెప్పెను. ముప్పదియేండ్లు ఒక్క బల్లకడ పని చేసినవాడు! కొలది దినములలో ఆ కోశాధికారి తన మాట మార్చుకొనెను. లీజె మరల పనికి పోవుచుండెను. హాన్‌యు పశ్చాత్తాపపడెను. కాని ఆ మాట ఆమె మనసులో ముల్లువలె నాటుకొనెను. దానిని దాచి కథ చెప్పుట హాన్‌కును న్యాయము కాదు, ఆమెకును న్యాయము కాదు.

ఆమెకు దేశము విడుచుటకు అనుమతి నిరాకరింపబడెను. పేరుగల యూదులు వెలుపలికి పోయి జర్మనీని నిందింతురని ప్రభుత్వపు శంక. ఇక రహస్యముగా తప్పించుటయే మార్గము. అప్పుడు శాస్త్రజ్ఞులు ఒక కుటుంబమువలె కదలిరి. హాలెండు దేశమున డిర్క్ కోస్టరు, ఆడ్రియాన్ ఫొక్కరు అను భౌతికశాస్త్రజ్ఞులు తోటివారి నడిగి చందాలు ప్రోగుచేసిరి. ఆమెను రానిచ్చుటకు తమ ప్రభుత్వమును ఒప్పించిరి. జులై 11వ తేదీన కోస్టరు స్వయముగా బెర్లినునకు వచ్చెను. ఈ రహస్యము తెలిసినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినవారు.

12వ తేదీన లీజె ఎప్పటివలెనే ప్రొద్దుననే సంస్థకు పోయెను. ఎవరికిని అనుమానము రాకుండ రాత్రి ఎనిమిది గంటలవరకు ఒక యువ సహోద్యోగి వ్రాసిన పత్రమును దిద్దుచు కూర్చుండెను. పిమ్మట ఇంటికి పోయి, గంటన్నరలో రెండు చిన్న పెట్టెలు సర్దుకొనెను. ఆ రాత్రి హాన్ యింటనే గడపెను. తెల్లవారి బయలుదేరునపుడు హాన్, తన తల్లిదైన వజ్రపుటుంగరమును ఆమె చేతిలో నుంచెను. దారిలో ఎవరికైన లంచమీయవలసి వచ్చినచో అది యక్కరకు వచ్చునని అతని తలంపు. ఆమె సంచిలో నున్న ధనము పది మార్కులు మాత్రమే.

పాల్ రోస్‌బౌడ్ అను మిత్రుడు తన కారులో ఆమెను రైలు స్టేషనునకు తీసికొనిపోయెను. స్టేషను సమీపించుసరికి ఆమె ధైర్యము సడలి, కారును వెనుకకు త్రిప్పుమని బ్రతిమాలుకొనెను. అతడు త్రిప్పలేదు. రైలులో కోస్టరు కూర్చుండి యుండెను. అనుకోకుండ కలిసికొన్నట్లు ఒకరినొకరు పలుకరించుకొనిరి. సరిహద్దున ఎవరును ఆమె నడ్డగింపలేదు. ఉంగరముతో పని పడలేదు. ఆమె క్షేమముగా చేరినదని ముందే యేర్పరచుకొన్న సంకేతముతో బెర్లినునకు తంతి పోయెను. కోస్టరు అంతకు పూర్వము హాఫ్నియము అను మూలకమును కనుగొన్నవారిలో నొకడు. ఆ మూలకమువలన వచ్చినంత కీర్తి ఈ అపహరణమువలనను అతనికి వచ్చినదని పౌలీ అను శాస్త్రజ్ఞుడు పరిహాసముగా తంతి నంపెను.

ఆమె స్వీడను రాజధానియగు స్టాక్‌హోమునకు చేరెను. అచట ఒక సంస్థలో చోటు దొరకెను గాని, పరికరములు లేవు, సహాయకులు లేరు, ఆదరము లేదు. అరువదియేండ్ల వయస్సున చలిదేశములో వేసవి దుస్తులతో మిగిలెను. ఆమెకు మిగిలినవి జాబులు. హాన్ వ్రాసెడివాడు, ఆమె వ్రాసెడిది. లౌవె యుద్ధకాలమందును మానక వ్రాయుచుండెను.

ఆ డిసెంబరు నెలలో హాన్ జాబొకటి వచ్చెను. యురేనియముపై న్యూట్రానులను ప్రయోగింపగా తనకును స్ట్రాస్‌మన్‌కును బేరియము కనబడుచున్నదనియు, ఇట్లెందుకు జరిగెనో తోచుట లేదనియు అందు వ్రాసెను. బేరియపు పరమాణువు యురేనియపు పరమాణువులో సగమునకు కొంచెము మించిన బరువు మాత్రమే కలది. తన సంస్థలోని భౌతికశాస్త్రజ్ఞులకైనను తెలుపకముందే ఈ చిక్కును అతడామెకు విన్నవించుకొనెను.

జాబు చేరునాటికి క్రిస్మసు పండుగ వచ్చెను. ఆమె ఒంటరిగా నుండునని తలచి కుంగెల్వ్ అను చిన్న పట్టణమునకు తమ యింటికి పిలుచుకొన్నది మరెవరో కాదు, బెర్లిను నాటి ఎవా ఫాన్ బారే. లీజె అక్క కుమారుడగు ఓట్టో ఫ్రిష్ కూడ భౌతికశాస్త్రజ్ఞుడు. అతడును అచటికి వచ్చెను. ఇరువురును మంచులో షికారు బయలుదేరిరి. అతడు మంచుపై జారు పలకలు కట్టుకొనెను. ఆమె నడచియే అతనితో సమముగా పోయెను. నడచుచు చర్చించి చర్చించి, కడకొక పడిపోయిన చెట్టు మానుపై కూర్చుండి, కాగితపు ముక్కలపై లెక్కలు వేసిరి. యురేనియపు కేంద్రకము నీటిబొట్టువలె సాగి రెండుగా చీలుచున్నదని వారికి తోచెను. చీలిన ముక్కలు విడివడు వేగమునకు 20 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తి కావలెను. అది యెక్కడినుండి వచ్చుచున్నది? చీలిన రెండు ముక్కల మొత్తపు భారము మొదటి కేంద్రకపు భారముకంటె తక్కువ. ఆ తరుగుదల ఒక ప్రోటానులో అయిదవ వంతు. ఐన్‌స్టీను సూత్రము ననుసరించి లెక్కింపగా ఆ తరుగుదల సరిగా 20 కోట్లకే సరిపడెను. పరమాణు యుగమునకు తలుపు ఆ చెట్టు మానుపై తెరువబడెను.

1939 జనవరిలో వెలువడిన హాన్, స్ట్రాస్‌మన్‌ల పత్రముపై ఆమె పేరు లేదు. దేశము విడిచిన యూదు స్త్రీ పేరు నాజీ జర్మనీలో ముద్రించుట అపాయకరము. అది యందరికిని తెలిసిన కారణము. కాని కాలక్రమమున హాన్ ఆ పరిశోధన కేవలము రసాయనశాస్త్రపు ఫలితమనియు, భౌతికశాస్త్రమునకు అందు పాలు లేదనియు చెప్పసాగెను. యుద్ధము ముగిసినను ఆ మాట మారలేదు. 1944వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము హాన్‌కొక్కనికే ప్రకటింపబడెను. ఆమెను పలువురు పలుమారులు సూచించినను ఆమె కాబహుమానము ఎన్నడును రాలేదు.

1946 డిసెంబరులో బహుమానము నందుకొనుటకు హాన్, ఎడిత్ దంపతులు స్టాక్‌హోమునకు వచ్చిరి. లీజె ముఖము చాటుచేయలేదు. వారిని ఆదరముతో కలిసికొనెను. కాని ఉత్సవమునకు ముందు హాన్‌తో జరిగిన సంభాషణ ఇరువురికిని చేదుగనే ముగిసెను. నాజీల కాలమున మంచివారు సైతము నోరు మెదపక యూరకుండిరని ఆమె ఆవేదన. ఆ మాట ఆమె అతనికి నిర్మొగమాటముగా తెలిపెను. అతడు తన బహుమాన ధనములో నొక భాగము ఆమె కిచ్చెను. ఆమె దానిని పరమాణ్వాయుధముల అపాయమును లోకమునకు తెలుపుటకై ఐన్‌స్టీను నడపు సంఘమునకు పంపివేసెను. యుద్ధకాలమున బాంబు తయారీకి తోడ్పడుమని పిలుపు వచ్చినపుడును ఆమె తిరస్కరించి యుండెను.

1947లో స్ట్రాస్‌మన్ ఆమెను జర్మనీకి మరలి వచ్చి మైన్జ్ నగరములోని సంస్థకు ఆధిపత్యము వహింపుమని వేడుకొనెను. ఆమె పోలేదు. ఒకనాడు తానిప్పించిన సగము జీతముతో బ్రతికిన యువకుడు, ఆ బృందమునకు మేధోనాయకత్వము వహించినది మైట్నరే యని తరువాతి కాలమున బాహాటముగా చెప్పెను. హాన్‌తో మాత్రము జాబులు తెగలేదు. జన్మదినములు మరచిపోలేదు. 1959లో బెర్లినునందు ఇరువురి పేర్లతో నొక పరిశోధన సంస్థ నెలకొల్పబడెను. 1966లో అమెరికా ప్రభుత్వము ఫెర్మీ బహుమానమును హాన్, మైట్నరు, స్ట్రాస్‌మన్ మువ్వురికిని కలిపి యిచ్చెను. వడ్రంగి గదిలో మొదలైన పనికి మూడు పేర్లును ఒక్కచో చేరుట కన్నియేండ్లు పట్టెను. ఆమె చనిపోయిన పిమ్మట, 1997లో, 109వ మూలకమునకు మైట్నేరియము అని పేరు పెట్టిరి.

1960లో ఆమె ఫ్రిష్ నివసించుచున్న కేంబ్రిడ్జి నగరమునకు చేరి అచటనే వార్ధక్యము గడపెను. 1968 జులై 28వ తేదీన హాన్ మరణించెను. రెండు వారములు దాటీదాటకముందే ఎడిత్‌యు మరణించెను. అప్పటికి లీజె మిక్కిలి బలహీనురాలై యుండెను. ఈ వార్త విన్నచో ఆమె తట్టుకొనజాలదని తలచి బంధువులు ఆ రెండు మరణములును ఆమెకు తెలియనీయలేదు. అక్టోబరు 27వ తేదీన, తొంబదియేండ్లు నిండుటకు కొలది దినములుండగా, ఆమె నిద్రలోనే కన్ను మూసెను. ఇంగ్లండులోని బ్రామ్లీ గ్రామమున, తన తమ్ముడు వాల్టరు సమాధి ప్రక్కనే ఆమెను ఉంచిరి.